ఎర్రర్‌ను సరిచేస్తామంటూ వచ్చే మాల్‌వేర్‌ను తప్పించుకోవడం ఎలా

కంప్యూటర్‌లో హఠాత్తుగా ఒక ఎర్రర్ సందేశం కనిపించి, దాని కిందనే ‘సరిచేయండి’ అనే బటన్ కూడా ఉంటే, ఆ సందేశం ఏం చెబుతోందన్న దానికన్నా అది మిమ్మల్ని ఏం చేయమంటోందో ముందు చూడండి. విండోస్ కీతో పాటు ఆర్ నొక్కి, తెరుచుకున్న రన్ పెట్టెలో (విండోస్‌కు నేరుగా ఆదేశాలు ఇచ్చే చిన్న విండో) కంట్రోల్, వి నొక్కి, ఆపై ఎంటర్ కొట్టమని ఏ వెబ్ పేజీ చెప్పినా సరే, అక్కడే ఆగిపోవాలి. మాల్‌వేర్‌ను, అంటే హాని చేసే ప్రోగ్రామును, మీ చేతనే కంప్యూటర్‌లోకి ఎక్కించే, 2024 నుంచి విస్తృతంగా కనిపిస్తున్న ఈ ఎత్తుగడను భద్రతా నిపుణులు ‘క్లిక్‌ఫిక్స్’ అంటున్నారు.

మీరు బటన్ నొక్కిన క్షణంలోనే పేజీలోని జావాస్క్రిప్ట్ అనే కోడ్ ఒక పవర్‌షెల్ ఆదేశాన్ని (పవర్‌షెల్ అంటే విండోస్‌తో ఆదేశాల ద్వారా పనులు చేయించే సాధనం) మీకు తెలియకుండా క్లిప్‌బోర్డులోకి, అంటే కాపీ చేసినది పేస్ట్ చేసేదాకా ఉండే చోటికి, కాపీ చేస్తుంది. కంట్రోల్, వి నొక్కితే రన్ పెట్టెలో పడేది అదే. రన్ పెట్టె చిన్నది కనుక, పొడవైన ఆదేశంలో అసలు భాగం కనబడకుండా పోయి, చివర చేర్చిన ‘నేను రోబోను కాను’ వంటి అమాయకమైన మాటలే కళ్లకు కనిపిస్తాయి. అనుమానాస్పదమైన ఫైల్‌ను డౌన్‌లోడ్ చేస్తే బ్రౌజర్ హెచ్చరించే అవకాశం ఉంటుంది. ఇక్కడ ఆదేశం ఇచ్చింది స్వయంగా మీరే కనుక ఆ కాపలా పనిచేయదు. నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది ఇదే. ఇలా లోపలికి వచ్చే లుమ్మా వంటి దొంగ ప్రోగ్రాములు బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులనూ, లాగిన్ కుకీలనూ (మీరు ఇప్పటికే లాగిన్ అయి ఉన్నారని సైట్‌కు గుర్తుచేసే చిన్న ఫైళ్లు) ఎత్తుకుపోతాయి.

సందేహంగా ఉంటే, క్లిప్‌బోర్డులో ఉన్నదాన్ని నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చదవండి. అందులో పవర్‌షెల్ అన్న మాటో, తెలియని వెబ్ చిరునామానో కనిపిస్తే పేజీని మూసేయండి. పేజీ తెర మొత్తాన్ని ఆక్రమించి మూసుకోనివ్వకపోతే ఎస్కేప్ కీని కాసేపు నొక్కిపట్టండి. అప్పటికీ కుదరకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్ నుంచి బ్రౌజర్‌ను ఆపేయండి. మైక్రోసాఫ్ట్ పేరుతో ఫోన్ నంబరు ఉన్న ఎర్రర్ సందేశం వస్తే అది నకిలీదే; మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఇవ్వదు.

నిజమైన ఎర్రర్‌లూ వస్తాయి. వీసీరన్‌టైమ్140 అనే డీఎల్‌ఎల్ ఫైల్ (ప్రోగ్రాములు నడవడానికి వాడుకునే సహాయక ఫైల్) లేదని విండోస్ చెప్పినప్పుడు, ఆ ఒక్క ఫైల్‌నే ఇస్తామనే సైట్ల జోలికి పోకుండా, మైక్రోసాఫ్ట్ సొంత సైట్‌లో ఉచితంగా దొరికే, ఆ ఫైల్ కూడా ఉండే విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అనే ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయాలి. వెతికినప్పుడు పైన వచ్చే ఫలితం ప్రకటన కావచ్చు కాబట్టి చిరునామాను అక్షరం అక్షరం చూడండి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ అప్‌డేట్ లోపం వల్ల దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు స్తంభించినప్పుడు, కొద్ది రోజుల్లోనే ‘హాట్‌ఫిక్స్’ (లోపాన్ని వెంటనే సరిచేసే అప్‌డేట్) పేరుతో మాల్‌వేర్ ఉన్న జిప్ ఫైల్ ప్రచారంలోకి వచ్చింది. జనం కంగారులో ఉన్న సమయమే ఈ మోసగాళ్లకు అదను.

పొరపాటున ఎంటర్ కొట్టేసి ఉంటే, సిగ్గుపడి దాచకండి. వెంటనే ఇంటర్నెట్ తీసేసి, వేరే పరికరం నుంచి ముందుగా ఈమెయిల్, తర్వాత బ్యాంకు పాస్‌వర్డులు మార్చి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ అయ్యే అవకాశాన్ని తప్పక వాడండి. కుకీలు దొంగల చేతిలో ఉంటే పాస్‌వర్డు మార్చడం ఒక్కటే చాలకపోవచ్చు. డబ్బు పోతే భారతదేశంలో ఉన్నవారు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. రన్ పెట్టె తెరిస్తే మీరు పేస్ట్ చేసిన ఆదేశం చాలాసార్లు అందులోనే మిగిలి ఉంటుంది. ఎంటర్ నొక్కకుండా దాన్ని ఫోటో తీసి ఫిర్యాదుకు జతచేసి, అవసరమైన పత్రాలను మాత్రం భద్రపరచుకుని, విండోస్‌ను మొదటి నుంచి మళ్లీ ఇన్‌స్టాల్ చేయించండి.