ఇంగ్లీషు ప్రిపోజిషన్లు, 6వ పాఠం: ‘బై’ అంటే కల్లా, ‘అంటిల్’ అంటే దాకా

కిందటి పాఠంలో అట్, ఇన్, ఆన్ అయిపోయాయి కదా, ఈసారి ‘బై’. డిక్షనరీ తీస్తే దీనికి బోలెడు అర్థాలు కనిపిస్తాయి, అవన్నీ బట్టీ పట్టక్కర్లేదు. పాత ఇంగ్లీషులో దీని అసలు అర్థం దగ్గర, పక్కన, అంతే. ‘బిసైడ్’ అనే మాటలో ముందున్న ‘బి’ కూడా ఇదే. సిట్ బై మీ అంటే నా పక్కన కూర్చో. ఇక్కడిదాకా ఎవరికీ ఇబ్బంది ఉండదు.

తేడా కొట్టేది టైం దగ్గర. మనం తెలుగులో "సోమవారం వరకు పంపొచ్చు" అంటాం, వరకు అనగానే మనసులో అంటిల్ మెదులుతుంది, వెంటనే ‘ప్లీజ్ సెండ్ ఇట్ అంటిల్ మండే’ అని రాసేస్తాం. ఇది తప్పు, ఎందుకంటే అంటిల్ అంటే ఆ పని సోమవారం దాకా సాగుతూనే ఉండాలి, పంపడం ఒక్కసారితో అయిపోయే పని కదా. అక్కడ ‘బై మండే’ అనాలి, అంటే సోమవారానికల్లా. నేనొకసారి ఆరింటికల్లా వస్తానని చెప్పబోయి ‘ఐ విల్ బి దేర్ అంటిల్ సిక్స్’ అని మెసేజ్ పెట్టాను, అవతలి మనిషి నేను ఆరు దాకే అక్కడ ఉంటాననుకుని ఐదున్నరకే వచ్చి నాకోసం ఎదురుచూశారు, ఒక్క మాట వల్ల పాపం ఆయనకి అరగంట పోయింది.

నేను వాడే చిట్కా ఏంటంటే, ముందు తెలుగులో అనుకుని వరకు తీసేసి ‘కల్లా’ పెట్టి చూడండి, అతికితే బై. ‘దాకా’ మాత్రమే అతికితే అంటిల్. ఐదింటికల్లా పూర్తి చేస్తా: ఐ విల్ ఫినిష్ బై ఫైవ్. ఐదు దాకా ఆగుతా: ఐ విల్ వెయిట్ అంటిల్ ఫైవ్. మరి ‘యు హావ్ అంటిల్ మండే’ కరెక్టే కదా అని అడగొచ్చు, అవును కరెక్టే, గడువు ఉండటం అనేది సోమవారం దాకా సాగుతుంది కాబట్టి. ‘బై ద టైం’ కూడా ఈ కుటుంబమే, మేం వెళ్లేసరికి రైలు వెళ్లిపోయింది అన్నప్పుడు ‘సరికి’ ఉంది చూశారా, అదే: బై ద టైం వి గాట్ దేర్, ద ట్రైన్ హాడ్ లెఫ్ట్.

ఇంకోటి, అంకెల దగ్గర. ఉష్ణోగ్రత 30 నుంచి 35 అయితే ‘రోజ్ బై ఫైవ్ డిగ్రీస్’. ఇక్కడ బై అంటే ఎంత తేడా అని. ‘రోజ్ టు ఫైవ్’ అంటే 5కి చేరిందని, అర్థం మొత్తం మారిపోతుంది.

బస్సులో వచ్చా అంటే బై బస్, మధ్యలో ఎ, ద, మై ఏవీ రాకూడదు. మై పెట్టాలంటే ‘ఇన్ మై కార్’ అనాల్సిందే. నడిచి వస్తే ఆన్ ఫుట్. ఇక ‘రిటెన్ బై మై సిస్టర్’ లాంటి చోట రాసిన మనిషికి బై, చేతిలో ఉన్న పెన్నుకి విత్.

వచ్చే పాఠం లోపు ఇవి ఇంగ్లీషులో రాసి ఉంచుకోండి, అక్కడ సరిచూసుకుందాం: రాత్రి పదింటికల్లా ఇంటికి రా. వాన తగ్గేదాకా లోపలే ఉందాం. నేను లేచేసరికి వాళ్లు వెళ్లిపోయారు. నా బరువు రెండు కిలోలు తగ్గింది.