హెచ్‌ఐవీ సహాయక జన్యువులు గుర్తుండాలంటే

విఫ్, వీపీఆర్, వీపీయూ, నెఫ్. హెచ్‌ఐవీలోని ఈ నాలుగు సహాయక జన్యువుల పేర్లను నేను ఎన్నిసార్లు బట్టీపట్టినా నిలిచేవి కావు. ఒక్కోదాని పక్కన, కణంలో అది ఎదుర్కొనే ప్రోటీన్ పేరు రాయడం మొదలుపెట్టాకే దారిలో పడ్డాను. మీరూ అలాగే చేయండి.

ముందు విఫ్. దాని పక్కన అపోబెక్3జీ అని రాయండి. విఫ్ లేని వైరస్ కూడా టీ-కణం (హెచ్‌ఐవీ సోకే రోగనిరోధక కణం) నుంచి మామూలుగానే బయటపడుతుంది. చాలాకాలం నేను పొరబడింది ఇక్కడే. అపోబెక్3జీ కొత్త వైరస్ రేణువులో ఎక్కి కూర్చుని, తర్వాతి కణంలో డీఎన్‌ఏ తయారవుతుండగా అందులోని సైటోసిన్ అనే అక్షరాలను యురాసిల్‌లుగా మార్చేస్తుంది. కాబట్టి విఫ్ లేని వైరస్ పెరుగుదల గ్రాఫు ఎదురైతే, అందులో రెండో విడతను, అంటే ఆ కొత్త రేణువులు తర్వాతి కణాలకు సోకే దశను చూడండి. ఏ కణమో కూడా అడగండి: అపోబెక్3జీ లేని కణంలో విఫ్ ఉన్నా లేకున్నా పెద్ద తేడా ఉండదు.

వీపీయూ ఎదుట టెథరిన్. ఇది రేణువులను కణం పొరకు కట్టేస్తుంది, వీపీయూ ఆ కట్టు విప్పుతుంది. నెఫ్‌కు రెండు గీతలు చాలు: సీడీ4ను (వైరస్ కణంలోకి చొరబడేందుకు పట్టుకునే ప్రోటీన్) కణం ఉపరితలం నుంచి తీసేస్తుంది, సెరింక్5ను (రేణువు సోకే శక్తిని తగ్గించే ప్రోటీన్) రేణువులోకి రానివ్వదు. వీపీఆర్ దగ్గర మాత్రం పెన్సిలే వాడండి. అది కణ విభజనను జీ2 దశలో, అంటే కణం రెండుగా చీలడానికి ముందు, ఆపుతుందన్నది ఖాయం. అది గురిపెట్టే ప్రోటీన్ల జాబితా మాత్రం పెరుగుతూనే ఉంది.

హెచ్‌ఐవీ-2కు, అంటే ఈ వైరస్‌లో రెండో రకానికి, వేరే పేజీ కేటాయించండి. అందులో వీపీయూ ఉండదు; వీపీఎక్స్ ఉంటుంది, అది మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాల్లో వైరస్‌ను అడ్డుకునే సామ్‌హెచ్‌డీ1 ప్రోటీన్‌ను నాశనం చేయిస్తుంది.