చైన్ ఊడుతోందా, గరగరమంటోందా? ఫిక్స్‌డ్ గేర్, సింగిల్ స్పీడ్ సైకిళ్లకు సమస్య - పరిష్కారం

పాత రోడ్ సైకిల్‌ను తక్కువ ఖర్చుతో ఫిక్స్‌డ్ గేర్‌గానో (చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు కూడా తిరిగేది) సింగిల్ స్పీడ్‌గానో (ఒకే గేరున్నా పెడళ్లు ఆపగలిగేది) మార్చుకున్నవారి ఫిర్యాదులు దాదాపు అన్నీ చైన్ చుట్టూనే తిరుగుతాయి. తొక్కుతుంటే గరగరమంటుంది, గతుకుల్లో ఊడిపోతుంది, ఎదురు తొక్కితే, అంటే పెడళ్లను వెనక్కి నొక్కితే, టక్కుమంటుంది. వెంటనే కొత్త చైన్ కొంటారు, తరువాత కాగ్ (వెనుక చక్రానికి ఉండే చిన్న పళ్ల చక్రం) మారుస్తారు, అప్పటికీ తగ్గకపోతే చక్రం మీద అనుమానపడతారు. ఇవేవీ కొనకముందు చేయవలసిన పరీక్ష ఒకటుంది. వెనుక చక్రాన్ని నేల నుంచి లేపి, క్రాంక్‌ను (పెడల్ బిగించిన చేతిని) ఒక పూర్తి చుట్టు నెమ్మదిగా తిప్పుతూ, ప్రతి ఎనిమిదో వంతుకూ ఆపి, కింది వరుస చైన్ మధ్యభాగాన్ని వేలితో పైకీ కిందికీ కదిపి చూడాలి. పైసా ఖర్చు లేని ఈ పని నిమిషంలో అయిపోతుంది. అయినా నా దగ్గరకు వచ్చే సైకిళ్లలో ఎక్కువ వాటికి ఇది ఎవరూ చేసి ఉండరు. ఒక్క చోట పట్టుకుని చూసి, బిగువు సరిపోయిందని వదిలేస్తారు.

ఒక జాగ్రత్త తప్పనిసరి. ఫిక్స్‌డ్ గేర్‌లో చక్రం తిరుగుతున్నంతసేపూ చైన్ ఆగదు, పళ్ల మధ్య వేలు పడితే తెగిపోతుంది. పూర్తిగా ఆపిన తరువాతే చెయ్యి పెట్టాలి. దారిలో చైన్ ఊడితే అది కాగ్‌కూ ఫ్రేమ్‌కూ మధ్య ఇరుక్కుని వెనుక చక్రాన్ని పట్టేయగలదు. అందువల్ల కింది లోపాల్లో దేనినీ తరువాత చూద్దామని వాయిదా వేయకూడదు, ముందు చక్రానికి బ్రేకు లేకుండా పరీక్షకు కూడా రోడ్డెక్కకూడదు.

చుట్టంతా ఒకేలా వదులుగా ఉంటే

ఇది సులువైన సందర్భం. మధ్యలో పైకీ కిందికీ కలిపి కదలిక సుమారు 12 మి.మీ. దాటితే చక్రాన్ని వెనక్కి జరిపి బిగించాలి. రెండు రోజులకే మళ్లీ వదులైతే చక్రం డ్రాపౌట్‌లో (ఇరుసు కూర్చునే ఫ్రేమ్ గాడిలో) ముందుకు జారుతోందన్న మాట. అప్పుడు టైరు ముందుభాగం ఎడమ చైన్‌స్టే (వెనుక చక్రం పక్కగా వెళ్లే కింది ఫ్రేమ్ గొట్టం) వైపు ఒరిగి కనిపిస్తుంది. కొత్తగా రంగు వేయించిన ఫ్రేముల్లో దీనికి మొదటి కారణం డ్రాపౌట్ ముఖాల మీద మిగిలిన మందపాటి రంగు పొర. నట్టు కింద అది నలిగి పలచబడిన కొద్దీ పట్టు సడలుతుంది. బయటి నట్టూ, లోపలి వైపు హబ్ లాక్‌నట్టూ కూర్చునే మేర రంగును గీకి లోహం తేల్చి, యాక్సిల్ (ఇరుసు) మరలకు సన్నగా గ్రీజు రాసి బిగిస్తే జారడం ఆగిపోతుంది.

ఒకచోట బిగువుగా, ఒకచోట వదులుగా ఉంటే

ఎక్కువ కాలం, ఎక్కువ డబ్బు తినే లోపం ఇదే. ఇది దొంగచాటుగా పనిచేస్తుంది. వదులు చోట బిగువు సరిచేసినవారికి సైకిల్ గరగరమంటూ బరువుగా నడుస్తుంది, ఆ లాగుడుకు బాటమ్ బ్రాకెట్ (క్రాంకులు తిరిగే ఇరుసు) బేరింగులూ హబ్ (చక్రం మధ్య కుండ) బేరింగులూ అరుగుతాయి. బిగువు చోట సరిచూసుకున్నవారికి అవతలి పక్క చైన్ వేలాడి, ఏదో ఒక గతుకులో ఊడుతుంది. చూడడానికి రెండూ వేర్వేరు రోగాలు, కారణం మాత్రం ఒకటే. చాలాసార్లు చైన్‌రింగ్ (క్రాంక్‌కు బిగించే పెద్ద పళ్ల చక్రం) తన కేంద్రం చుట్టూ కాకుండా కాస్త పక్కగా తిరుగుతోంది.

ఆ పక్కకు తొలగడం ఎంత చిన్నదో లెక్క వేస్తే ఈ లోపం కంటికి ఎందుకు దొరకదో అర్థమవుతుంది. రింగ్ కేంద్రం 0.1 మి.మీ. తప్పితే, ఒక చుట్టులో అది కాగ్‌కు 0.1 మి.మీ. దగ్గరగానూ 0.1 మి.మీ. దూరంగానూ జరుగుతుంది. పై వరుస, కింది వరుస రెండూ కలిసి చైన్‌కు కావలసిన పొడవు 0.4 మి.మీ. మేర మారుతుంది. కాగ్‌కూ రింగ్‌కూ మధ్య 400 మి.మీ. వరుస ఉందనుకుంటే, పై వరుస బిగువుగా ఉండగా ఈ 0.4 మి.మీ. అంతా కింది వరుసలోకే వచ్చి, మధ్యభాగానికి సుమారు 18 మి.మీ. కదలిక ఇస్తుంది. వెంట్రుకవాసి తేడా చైన్ దగ్గర బొటనవేలి వెడల్పంత అవుతుంది. ఊగిసలాటను కంటితో చూసి రింగ్ బాగానే ఉందని తీర్పు చెప్పడం అందుకే పనికిరాదు.

ఇక దోషి రింగ్, కాగ్, చైన్‌లలో ఏదన్నది తేల్చుకోవాలి. క్రాంక్ చేతి మీద, కాగ్ మీద, చైన్‌లో ఏదో ఒక లింకు మీద సుద్దతో గీత పెట్టి మెల్లగా తిప్పండి. క్రాంక్ ప్రతి చుట్టులోనూ ఒకే స్థానానికి వచ్చినప్పుడు ఒక్కసారి బిగుస్తుంటే తప్పు రింగ్ వైపు ఉంది. బిగువు కాగ్ గీతను అనుసరించి వస్తుంటే కాగ్‌నో, హబ్ మరలనో, ఫ్రీవీల్‌నో (పెడళ్లు ఆపినా చక్రం తిరగనిచ్చే కాగ్) చూడాలి. గీత పెట్టిన లింకుతోపాటు బిగువు కదులుతుంటే చైన్‌లో ఒక లింకు పట్టేసింది. దాన్ని పక్కలకు కాస్త వంచి నూనె వేస్తే విడుతుంది. ఇక్కడ పొరపాటు పడే వీలుంది. 48 పళ్ల రింగ్‌కు 16 పళ్ల కాగ్ పెట్టినప్పుడు క్రాంక్ ఒక చుట్టుకు కాగ్ సరిగ్గా 3 చుట్లు తిరుగుతుంది కనుక, కాగ్ దోషం కూడా ప్రతిసారీ క్రాంక్ అదే స్థానాల్లో ఉన్నప్పుడే కనిపించి రింగ్ దోషంలా భ్రమ కలిగిస్తుంది. అయితే అది చుట్టుకు మూడుసార్లు వస్తుంది, రింగ్ దోషం ఒక్కసారే. 46, 16 జతలో కాగ్ 2.875 చుట్లు తిరుగుతుంది, అందువల్ల దాని బిగువు క్రాంక్‌తో పోలిస్తే ప్రతి చుట్టుకూ చోటు మారుతుంది.

రింగ్ అని తేలితే కొత్తది కొనకండి. రింగ్ బోల్టులకూ వాటి రంధ్రాలకూ మధ్య ఉండే కొద్దిపాటి సందులోనే పరిష్కారం ఉంది. బోల్టులన్నీ వదులు చేసి, రింగ్ తనంతట తాను కదలకుండా, తడితే మాత్రం జరిగేంతగా మళ్లీ బిగించండి. క్రాంక్‌ను తిప్పి అన్నిటికంటే బిగువైన స్థానం దగ్గర ఆపండి. అక్కడ చైన్ వరుస మధ్యలో పానా పిడితో తేలికగా తట్టండి. ఆ స్థానంలో రింగ్ ముందుకు తొలగి ఉంటుంది, దెబ్బకు చైన్ దాన్ని వెనక్కి లాగుతుంది. మళ్లీ తిప్పండి, కొత్తగా బిగువైన చోటు వెతకండి, మళ్లీ తట్టండి. బిగువు చుట్టంతా సమానమవుతున్న కొద్దీ బోల్టులను ఎదురెదురుగా, ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా బిగిస్తూ రావాలి. ఒకే బోల్టును ఒక్కసారిగా బిగిస్తే రింగ్ మళ్లీ పక్కకు పోతుంది. చివరగా, మిగిలిన బిగువైన స్థానంలోనే చక్రం స్థానాన్ని స్థిరపరచాలి. అక్కడ చైన్ పట్టకుండా ఉంటే చాలు. అతి వదులు చోట చైన్‌ను కర్రతో పక్కకు నెడుతూ క్రాంక్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పి చూడండి. పళ్ల మీద నుంచి జారకపోతే పని పూర్తయినట్టే.

తట్టినా రింగ్ కదలకపోతే అది క్రాంక్ మెట్టు (రింగ్ ఆనుకునే అంచు) మీద గట్టిగా కూర్చుని ఉంటుంది. అప్పుడు రింగ్‌ను విప్పి, ఐదు చేతుల క్రాంక్ అయితే ఒక రంధ్రం, అంటే 72 డిగ్రీలు తిప్పి బిగించి చూడాలి. బిగువు చోటు రింగ్‌తోపాటు జరిగితే రింగ్ గుండ్రంగా లేదు, మార్చవలసిందే. క్రాంక్ దగ్గరే ఆగిపోతే క్రాంక్‌లోనో బాటమ్ బ్రాకెట్ యాక్సిల్‌లోనో లోపం ఉంది. చవక క్రాంకులకు రింగ్‌ను రివెట్లతో కొట్టేసి ఇస్తారు. వాటిని సరిచేసే దారి లేదు. ఫ్రీవీల్‌తో కొంతకాలం నడపవచ్చు గానీ, ఫిక్స్‌డ్‌కు నేను వాటిని వాడను, వాడమని ఎవరికీ చెప్పను.

బిగువు సమంగానే ఉన్నా ఊడుతుంటే

చైన్‌లైన్, అంటే ఫ్రేమ్ మధ్యరేఖ నుంచి చైన్ ఎంత దూరంలో నడుస్తుందో, కొలవండి. సీట్ ట్యూబ్ వ్యాసంలో సగానికి, ట్యూబ్ ముఖం నుంచి రింగ్ పన్ను మధ్య వరకు ఉన్న దూరాన్ని కలిపితే ముందు కొలత వస్తుంది. వెనుక, రెండు లాక్‌నట్ల వెలుపలి ముఖాల మధ్య దూరంలో సగం నుంచి, కుడి లాక్‌నట్ ముఖానికీ కాగ్ మధ్యకూ ఉన్న దూరాన్ని తీసివేయాలి. 120 మి.మీ. ట్రాక్ హబ్‌లో (ఫిక్స్‌డ్ గేర్ కోసమే చేసిన హబ్) ఆ దూరం 18 మి.మీ. అయితే చైన్‌లైన్ 42 మి.మీ. ఈ రెండు కొలతల మధ్య తేడా 1 మి.మీ. లోపు ఉండాలి. పాత రెండు రింగుల క్రాంక్‌ను బయటి స్థానంలోనే ఉంచేయడం ఇక్కడ మామూలుగా జరిగే తప్పు. రింగ్‌ను లోపలి స్థానానికి మారిస్తే సుమారు 5 మి.మీ. లోపలికి వస్తుంది, ఖర్చు లేదు. చైన్‌స్టేకు తగలకుండా మాత్రం చూసుకోవాలి. మిగిలిన తేడాకు బోల్టుల కింద పలచని స్పేసర్లు సరిపోతాయి.

గట్టిగా తొక్కితే చైన్ పళ్ల మీద ఎగిరితే

చైన్ వెడల్పు చూడండి. 3/32 అంగుళాల చైన్ 1/8 అంగుళాల కాగ్ మీద కూర్చోదు. 1/8 చైన్ 3/32 కాగ్ మీద మాత్రం చక్కగా నడుస్తుంది. వెడల్పు సరిపోతే అరుగుదల కొలవాలి. కొత్త చైన్‌లో ఒక పిన్ను మధ్య నుంచి దాని తరువాతి 24వ పిన్ను మధ్య వరకు దూరం 304.8 మి.మీ. అది 306.3 మి.మీ. దాటితే చైన్ 0.5 శాతం సాగినట్టు. అరిగిన కాగ్ మీద కొత్త చైన్ వేస్తే ఎగరడం తగ్గదు, పెరుగుతుంది.

ఎదురు తొక్కితే టక్కుమంటే

కాగ్ మరల మీద విప్పుకుంటోంది. కాగ్ మర కుడిచేతి వాటం (గడియారం ముల్లు దిశలో తిప్పితే బిగుస్తుంది), కాగ్ విడిపోకుండా పట్టే లాక్‌రింగ్ మర ఎడమచేతి వాటం (అందుకు ఎదురు). మరలు శుభ్రం చేసి గ్రీజు రాసి, చైన్ విప్‌తో (చైన్ ముక్క ఉన్న పిడి) కాగ్‌ను బలమంతా పెట్టి బిగించి, లాక్‌రింగ్ వేయండి. కొంతదూరం ఎత్తుకు తొక్కి వచ్చి లాక్‌రింగ్‌ను మరోసారి బిగించాలి, ఎందుకంటే తొక్కుడుకు కాగ్ ఇంకాస్త లోపలికి పోతుంది. మామూలు ఫ్రీవీల్ హబ్‌కు కాగ్ బిగించి బాటమ్ బ్రాకెట్ లాక్‌రింగ్‌తో సరిపెట్టినవారికి ఈ శబ్దం పూర్తిగా పోదు. ఆ లాక్‌రింగ్ కూడా కుడిచేతి వాటమే కనుక కాగ్‌తో కలిసి విప్పుకోగలదు. తక్కువ ఖర్చులో సైకిల్ కట్టుకునేవారు ఎక్కడ పొదుపు చేసినా ఫర్వాలేదు గానీ, ఫిక్స్‌డ్‌కు అసలైన ట్రాక్ హబ్ దగ్గర మాత్రం పొదుపు చేయకూడదు.

వంగిన యాక్సిల్, మెలి తిరిగిన ఫ్రేమ్, చీలిన క్రాంక్ వంటివి అరుదు. పైవన్నీ సరిచూసిన తరువాత కూడా లోపం మిగిలితేనే వాటి వైపు వెళ్లండి. యాక్సిల్‌ను బయటకు తీసి అద్దం మీద దొర్లిస్తే వంపు తెలిసిపోతుంది.