కాలప్రయాణం లెక్కలతో, 4వ పాఠం: నెల్లూరులో రైలెక్కి భవిష్యత్తులోకి

కదిలే గడియారం నెమ్మదిస్తుందని మూడో పాఠంలో చూశాం. భవిష్యత్తులోకి ప్రయాణం అంటే అదే. మీ చేతి గడియారం తక్కువ తిరిగింది, ప్లాట్‌ఫారం మీది గడియారం ఎక్కువ తిరిగింది, ఆ తేడా మేరకు మీరు ముందుకు జరిగారు. ఇది కుదురుతుందా లేదా అన్న వాదన భవిష్యత్తు విషయంలో ఎప్పుడో తేలిపోయింది. తేలనిది గతంలోకి వెళ్లడం. దాని జోలికి ఆరో పాఠం దాకా పోవద్దు. ఈ పాఠం అయ్యేసరికి ఏ ప్రయాణానికైనా ఆ తేడా మీ చేత్తో మీరే కట్టగలగాలి. కాగితం, పెన్ను, ఫోనులో కాలిక్యులేటర్ చాలు.

సూత్రం ఇది: వేగం వర్గాన్ని కాంతివేగం వర్గానికి రెట్టింపుతో భాగించి, వచ్చినదాన్ని ప్రయాణానికి పట్టిన సెకండ్లతో గుణించాలి. కాంతివేగం సెకండుకు 29,97,92,458 మీటర్లు. మన పనికి 30 కోట్లు అనుకుంటే చాలు, తప్పు వెయ్యికి ఒకటి రెండు పాళ్లు మించదు. దాని వర్గం 9×10¹⁶, రెట్టింపు 18×10¹⁶.

నెల్లూరు నుంచి ఒంగోలుకు రైలుదారి సుమారు 117 కి.మీ. బండి ఎక్కడా ఆగకుండా గంటకు 108 కి.మీ. వేగంతో పోయిందనుకుందాం. పట్టేది 65 నిమిషాలు, అంటే 3,900 సెకండ్లు. 108ని 3.6తో భాగిస్తే సెకండుకు 30 మీటర్లు. 30 వర్గం 900. దాన్ని 18×10¹⁶తో భాగిస్తే 5×10⁻¹⁵. 3,900తో గుణిస్తే 1.95×10⁻¹¹ సెకండు, అంటే 19.5 పికోసెకండ్లు. సెకండును లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క పికోసెకండు.

లెక్క తప్పేది ఎక్కువగా మూడు చోట్ల. గంటకు 108ని మీటర్లలోకి మార్చకుండా అలాగే వేస్తే జవాబు 13 రెట్లు పెరుగుతుంది, ఎందుకంటే 3.6 కూడా వర్గమవుతుంది. రెండోది సగటు వేగం. బండి కావలిలో, సింగరాయకొండలో ఆగుతుంది. ఆగినంతసేపూ పట్టాల మీద వేగం సున్నా. సగం సేపు 30 మీటర్ల వేగంతో పోయి సగం సేపు ఆగిన బండికి సగటు 15, దాని వర్గం 225. కానీ కావలసింది వర్గాల సగటు, అది 450. కాబట్టి ప్రయాణాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు విడిగా లెక్కకట్టి, చివర్లో కూడండి. మూడోది పుస్తకాల్లో ఉండే వర్గమూలం సూత్రాన్ని, అంటే 1 − √(1 − వేగం వర్గం/కాంతివేగం వర్గం) అన్నదాన్ని, నేరుగా కాలిక్యులేటర్‌లో కొట్టడం. ఒకటిలోంచి అంత చిన్న సంఖ్య తీసేస్తే చాలా కాలిక్యులేటర్లు మళ్లీ 1 అనే చూపిస్తాయి, తేడా మాయమవుతుంది. మన సూత్రం పుట్టిందే ఆ ఇబ్బంది తప్పించడానికి. అయితే దానికీ హద్దుంది. కాంతివేగంలో పదో వంతు దాకా బాగానే పనిచేస్తుంది. 0.8 వంతు దగ్గర మాత్రం 0.32 అంటుంది, అసలు జవాబు 0.4. అక్కడ వర్గమూలమే గతి.

ఇప్పుడు అసలు చిక్కు. ప్లాట్‌ఫారం కదలడం లేదని ఎవరన్నారు? భూమి తిరుగుతోంది, మన అక్షాంశం దగ్గర నేల సెకండుకు సుమారు 450 మీటర్ల చొప్పున తూర్పుకు పోతోంది. రెండు గడియారాలనూ భూమి కేంద్రం నుంచి చూసి పోల్చాలి. గిద్దలూరు, మార్కాపురం, దొనకొండ మీదుగా గుంటూరు పోయే లైన్ తీసుకోండి. అది ఈశాన్యంగా వంకర్లు పోతుంది గానీ లెక్క కోసం తిన్నగా తూర్పే అనుకుందాం. బండి అసలు వేగం 480, నేలది 450. వర్గాల తేడా 27,900. గంట ప్రయాణానికి 558 పికోసెకండ్లు. అదే బండి పడమరకు వస్తే వేగం 420. తేడా ఇప్పుడు మైనస్ 26,100. బండిలో గడియారమే నేల గడియారం కంటే 522 పికోసెకండ్లు ఎక్కువ తిరుగుతుంది. పడమటి బండి భవిష్యత్తులోకి తీసుకుపోదు, మనకే కాస్త ఎక్కువ వయసు కడుతుంది.

నమ్మబుద్ధి కాకపోతే 1971 అక్టోబరు చూడండి. హాఫెలె, కీటింగ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు నాలుగు సీజియం గడియారాలను (చాలా కచ్చితమైన అణు గడియారాలు) మామూలు ప్రయాణికుల విమానాల్లో పెట్టుకుని భూమిని చుట్టి వచ్చారు. తూర్పుగా తిరిగినప్పుడు గడియారాలు సగటున 59 నానోసెకండ్లు వెనకబడ్డాయి. పడమరగా తిరిగినప్పుడు 273 నానోసెకండ్లు ముందున్నాయి. విమానం ఎత్తు ప్రభావం కూడా అందులో కలిసి ఉంది.

భూమి తిరగడం వల్ల మొదటి లెక్కకు కలపాల్సిన ఈ తూర్పు సవరణకు అడ్డదారి ఒకటుంది. తూర్పుకు జరిగిన మీటర్లను 450తో గుణించి 9×10¹⁶తో భాగించండి. బండి వేగంతో పనే లేదు. ఒంగోలు నెల్లూరుకు తిన్నగా ఉత్తరాన లేదు, ఆరేడు కిలోమీటర్లు తూర్పుకు జరిగి ఉంది. 6 కి.మీ. అనుకున్నా 30 పికోసెకండ్లు. అంటే ఇందాక అంత జాగ్రత్తగా కట్టిన 19.5 కంటే సవరణే పెద్దది! పోయేటప్పుడు మొత్తం 49.5, వచ్చేటప్పుడు మైనస్ 10.5. పోయి వస్తే సవరణలు రెండూ కొట్టేసుకుని 39 మిగులుతుంది. ఒక్క వైపు ప్రయాణం లెక్కకు రెండు స్టేషన్ల గడియారాలూ ముందే ప్రపంచ ప్రామాణిక కాలానికి సరిచేసి ఉండాలి. పోయి వచ్చేదానికి నెల్లూరు గడియారం ఒక్కటే చాలు.

ఎత్తున ఉన్న గడియారం కాస్త వేగంగా తిరుగుతుంది. ఆ ఎత్తు సంగతి త్వరగా ముగిద్దాం. 9.8ని (గురుత్వ త్వరణం) మీటర్లలో ఎత్తుతో గుణించి, 9×10¹⁶తో భాగించి, సెకండ్లతో గుణించడమే. మైపాడు తీరంలో ఒక గడియారం, ఉదయగిరి దుర్గం కొండ మీద 900 మీటర్ల ఎత్తులో ఇంకొకటి పెడితే, రోజుకు (86,400 సెకండ్లకు) కొండ మీదిది 8.5 నానోసెకండ్లు ముందుంటుంది. ఏడాదికి 3.1 మైక్రోసెకండ్లు. ఎత్తు సముద్రమట్టం నుంచే కొలవండి. నేల మీద కదలకుండా ఉన్న గడియారాలకు భూభ్రమణాన్ని మళ్లీ కలపకండి. సముద్రమట్టం ఆకారంలోనే అది కలిసి ఉంది, కలిపితే రెండుసార్లు లెక్కేసినట్టు.

అభ్యాసం: 2022 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి ఎగిరిన నావిక్ ఉపగ్రహాలు (జీపీఎస్ లాగా దారి చూపే మన దేశపు ఉపగ్రహాలు) సుమారు 35,786 కి.మీ. ఎత్తున, సెకండుకు 3,070 మీటర్ల వేగంతో తిరుగుతాయి. వాటి గడియారం రోజుకు ఎంత తేడా వస్తుంది?

వేగం వల్ల 4.5 మైక్రోసెకండ్లు వెనక్కి. ఎత్తుకు పై సూత్రమే వేస్తే 337 వస్తుంది, అది తప్పు. అంత పైన గురుత్వం 9.8 ఉండదు కదా. ఆ 337ని భూమి వ్యాసార్ధం 6,378తో గుణించి, వ్యాసార్ధమూ ఎత్తూ కలిపిన 42,164తో భాగించండి. 51 వస్తుంది. 51లోంచి 4.5 తీసేస్తే రోజుకు 46, 47 మైక్రోసెకండ్ల మధ్య ముందుకు. దిద్దకుండా వదిలేస్తే ఆ వ్యవధిలో కాంతి ఎంత దూరం పోతుందో కట్టి చూడండి. ఐదో పాఠం ఆ అంకెతోనే మొదలవుతుంది.