ఈత కొలనుకు సున్నపు గార పట్టకుండా

విశాఖపట్నంలో బోరు నీటితో ఇంటి ఈత కొలను నింపుకొనేవారికి, నీటి అంచు వెంబడి టైల్స్ మీద గోటితో గీకినా రాని తెల్లటి గీత కనిపిస్తే, దాని మీద ఒక చుక్క వెనిగర్ వేసి చూడండి; బుసబుస పొంగితే అది సున్నపు గారే. మా ఋషికొండ వైపు ఎండకూ సముద్రపు గాలికీ ఆవిరయ్యేది నీరు మాత్రమే, సున్నం కొలనులోనే మిగిలిపోతుంది కనుక, తగ్గినప్పుడల్లా మళ్ళీ బోరు నీరే కలిపితే నీటి కాఠిన్యం, అంటే అందులో కరిగిన సున్నం పాలు, పెరుగుతూనే ఉంటుంది. అందుకే వానాకాలంలో, తొలి జల్లులకు డాబా శుభ్రపడ్డాక, వడగట్టిన వాన నీటిని కొలనుకు మళ్ళించడమే అన్నిటికన్నా మేలని నా అభిప్రాయం. అందులో సున్నానికి మూలమైన కాల్షియం దాదాపు ఉండదు. చాలామంది గమనించని సంగతి మరొకటి ఉంది: బ్లీచింగ్ పౌడరులోనూ కాల్షియం ఉంటుంది, కాబట్టి ఇటువంటి నీటికి ద్రవరూపంలో దొరికే క్లోరిన్ మందు, సోడియం హైపోక్లోరైట్ నయం. అయితే అది పీహెచ్‌ను, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాల కొలతను, కొంత పెంచుతుంది; పీహెచ్ పెరిగితే గార తేలికగా పడుతుంది. వారానికి రెండుసార్లు పరీక్షించి పీహెచ్‌ను 7.2, 7.6 మధ్య, కాల్షియం కాఠిన్యాన్ని లీటరుకు 400 మిల్లీగ్రాములలోపు ఉంచండి. పీహెచ్ తగ్గించే ఆమ్లాన్ని బ్లీచింగ్ పౌడరు, హైపోక్లోరైట్ వంటి క్లోరిన్ మందులతో ఎన్నడూ కలపకండి, విషవాయువు వెలువడుతుంది. బకెట్టులో ముందు నీరు పోసి, ఆ తరువాతే ఆమ్లం పోయాలి.