ఐరన్ గొడౌన్‌లో స్టాకు తేడా వస్తోందా? మనిషిని అనుమానించే ముందు మీటరు ముక్క తూచండి

వైజాగ్‌లో ఆటోనగర్, గాజువాక వైపు ఇనుము గొడౌన్లలో స్టాక్ ఆడిట్‌కి వెళ్తే ఎక్కువగా వినిపించే మాట ఒకటే, "ట్యాలీలో ఉన్నంత కింద లేదు సార్, మా గొడౌన్ కుర్రాడి మీదే డౌటు" అని (ట్యాలీ అంటే షాపుల్లో లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్). ఆ కుర్రాడి జీతంలో కోత పెట్టేసి, తర్వాత మమ్మల్ని పిలిచిన వాళ్లు కూడా ఉన్నారు. దయచేసి అలా చెయ్యకండి, ముందు ఇవి చూడండి.

అన్ని ఐటమ్స్‌లోనూ ఓ పద్ధతి లేకుండా తేడా

మేకులు తక్కువ, షీట్లు ఎక్కువ, బైండింగ్ వైరు తక్కువ, ఇలా ఉందంటే లెక్క మొదలెట్టేముందు గీత గియ్యలేదన్నమాట, అంటే ఏ బిల్లు దాకా లెక్కలోకి వస్తుందో తేల్చుకోలేదు. సాయంత్రం లారీ దిగింది, కళాసీలు సరుకు పేర్చేశారు, బిల్లు మాత్రం మర్నాడు ఎక్కించారు. లేదా డెలివరీ చలానా (సరుకుతో పంపే చీటీ) మీద ఆటోలో సరుకు వెళ్లిపోయింది, సేల్ బిల్లు ఇంకా కొట్టలేదు. లెక్కపెట్టే రోజు పొద్దున్నే చివరి సేల్ బిల్లు నంబరు, చివరి చలానా నంబరు, చివరిగా దిగిన లారీ నంబరు ఒక కాగితం మీద రాసి ఓనరుతో సంతకం పెట్టించండి, లెక్క అయ్యేదాకా గేటు దగ్గర లోపలికీ బయటికీ ఏదీ కదలకూడదు. ఎన్నిసార్లు చెప్పినా ఇదొక్కటే వదిలేస్తారు, "కస్టమర్ వెయిట్ చేస్తున్నాడు, రెండు కట్టలే కదా" అంటారు, ఆ రెండు కట్టలే సాయంత్రానికి తేడాగా తేలతాయి.

సరుకు ఎక్కువ వస్తోంది

సంతోషపడకండి. రేటు తక్కువున్నప్పుడు బిల్డర్ డబ్బు కట్టేసి, బిల్లు చేయించుకుని, సరుకు మీ దగ్గరే వదిలేసి ఉంటాడు. అది మీ స్టాకు కాదు, విడిగా పేర్చి పెయింటుతో బిల్లు నంబరు రాయండి, లెక్కలోంచి తీసెయ్యండి.

మిగతావన్నీ కరెక్టు, టీఎంటీ ఊచల్లోనే (స్లాబులకీ పిల్లర్లకీ వాడే ఇనుప కడ్డీలు) తేడా

అసలు చాలామందిని ముంచేది ఇదే. గుర్తులు చెప్తాను: తేడా ఎక్కువగా 8, 10 ఎంఎంలో ఉంటుంది, ఒక బ్రాండులో ఎప్పుడూ తక్కువే వస్తుంది, ఇంకో బ్రాండులో ఎప్పుడూ ఎక్కువే, మళ్లీ లెక్కపెట్టినా అదే అంకె. దొంగతనమైతే ఇంత క్రమంగా ఉండదు.

కారణం ఏంటంటే, కొనేది వేబ్రిడ్జి బరువు మీద, లెక్కపెట్టేది ఊచల్లో, ఈ రెండిటినీ కలిపేది ట్యాలీ ఐటమ్ మాస్టర్‌లో (ఒక్కో సరుకు వివరాలు పెట్టుకునే చోటు) ఎప్పుడో ఎవరో పెట్టిన స్టాండర్డ్ వెయిట్. ఎంఎం సైజుని దాంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకి కిలోలు వస్తాయి, అంటే 10 ఎంఎంకి 0.617, 12 మీటర్ల ఊచకి సుమారు 7.4 కిలోలు. కానీ మిల్లులోంచి వచ్చే ఊచ కచ్చితంగా అంతే ఉండాలని లేదు, ఈ ఊచలకున్న భారత ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారమే 10 ఎంఎం వరకు 7 శాతం, ఆపైన 16 దాకా 5 శాతం, 16 దాటితే 3 శాతం అటూ ఇటూ ఉండొచ్చు.

ఇప్పుడు 10 టన్నుల 10 ఎంఎం దిగిందనుకోండి, సెక్షన్ కాస్త బరువుగా పడి ఊచ 7.7 కిలోలు తూగుతోంది. నిజంగా వచ్చినవి దాదాపు 1,300 ఊచలు. మీరు వాటిని లెక్కపెట్టి 7.4తో గుణిస్తే 9,620 కిలోలే, అంటే ఒక్క ఊచ కూడా గేటు దాటకుండానే 380 కిలోలు "పోయాయి". పైగా ఊచల లెక్కన అమ్మి 7.4 చొప్పున బిల్లు వేస్తుంటే సరుకంతా అయిపోయినా ట్యాలీలో ఆ 380 కిలోలు అలాగే కూర్చుంటాయి, అది నిజమైన నష్టమే, కస్టమర్‌కి మీరు ఎక్కువ ఇనుము ఇచ్చారు. ఊచ తేలిగ్గా ఉంటే స్టాకు ఎక్కువ చూపిస్తుంది, అప్పుడు నష్టపోయేది కొన్నవాడు, అదీ మంచిది కాదు.

చెక్ చెయ్యడం తేలిక. తేడా ఉన్న బ్రాండులో వేరువేరు కట్టల్లోంచి నాలుగైదు ఊచలు తీసి ఒక్కో మీటరు ముక్క కొలిచి కొయ్యండి, చిన్న ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టండి. 10 ఎంఎం అయితే 617 గ్రాములు చూపించాలి, 640 దాటి చూపిస్తే మీ తేడా దొరికినట్టే. ఒక్క కట్టని లారీ వేబ్రిడ్జి మీద పెట్టి చూడొద్దు, అది మామూలుగా 5 కిలోలు, 10 కిలోల మెట్టులో చూపిస్తుంది, ఈ పనికి చాలదు.

సరిచెయ్యాలంటే: లోడు దిగేటప్పుడే ఊచలు లెక్కపెట్టించి, పర్చేజ్ ఎంట్రీలో మాస్టర్ ఇచ్చిన అంకె వదిలేసి "1,300 ఊచలు, 10,000 కిలోలు" అని రెండూ కొట్టండి. బ్రాండుకి, సైజుకి విడివిడి ఐటమ్ పెట్టండి, అన్నీ "10 ఎంఎం రాడ్" కింద కలిపేస్తే బరువూ తేలికా ఒకదాన్నొకటి మింగేసి ఏదీ తెలీదు. స్టాకు లెక్కలో ఊచల్ని ఊచలతోనే పోల్చండి.

ఇది తేలకుండా షార్టేజ్ అని రైటాఫ్ చేసెయ్యకండి, అంటే పుస్తకాల్లోంచి కొట్టేయకండి. పోయిన, రైటాఫ్ చేసిన సరుకుకి జీఎస్టీ చట్టం 17(5)(హెచ్) ప్రకారం ఐటీసీ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి మీరు తీసుకున్న క్రెడిట్) వెనక్కి కట్టాలి, స్టీలుకి 18 శాతం. జరగని నష్టానికి పన్ను కట్టడం దేనికి?

ఇంకేమైనా కారణాలు

సముద్రం గాలికి తుప్పు పట్టి బరువు తగ్గిందంటారు, పైపైన పట్టే తుప్పుకి టన్నుల్లో తేడా రాదు. ట్యాలీ డేటా పాడవడం చాలా అరుదు. వేబ్రిడ్జి మీదే అనుమానమైతే అదే లారీని ఇంకో కాటా మీద ఖాళీగా, లోడుతో తూయించి చూడండి. దొంగతనం కూడా ఉంటుంది, లేదనను, కానీ పైవన్నీ చూశాక, ఊచల లెక్క ఊచలతో పోల్చినా తగ్గితేనే సీసీ కెమెరా ఫుటేజీ తియ్యండి.