నొటేషన్‌లో రాసింది పైప్ ఆర్గన్‌లో సరిగ్గా పలకకపోతే: సమస్య - పరిష్కారం

బొబ్బిలి, సాలూరు, పాలకొండ, టెక్కలి వైపు చర్చి క్వయర్లకు పాటలు కూర్చేవాళ్లకోసం ఈ గైడ్. నాలుగు గొంతులూ మ్యూజ్‌స్కోర్, సిబేలియస్ లాంటి నొటేషన్ (స్వరాలు రాసే) ప్రోగ్రాంలో రాసి, గ్రాండ్‌ఆర్గ్ లేదా హౌప్ట్‌వెర్క్ అనే ఆర్గన్ ప్రోగ్రాంలో లోడ్ చేసిన శాంపిల్డ్ ఆర్గన్‌తో (అసలు ఆర్గన్ గొట్టాల రికార్డింగులతో) మోగించాలంటే రెండు ప్రోగ్రాముల మధ్య మిడి సందేశాలు (ఏ స్వరం మొదలవ్వాలి, ఏది ఆగాలి లాంటి ఆదేశాలు) నడవాలి. పేచీ అంతా అక్కడే. నొటేషన్ ప్రోగ్రాం ఏదో సౌండ్ మాడ్యూల్‌కి చెబుతున్నట్టు వాయిద్యం మార్చమనీ, వాల్యూం 100 పెట్టమనీ, ఇక్కడ మెత్తగా కొట్టమనీ ఆదేశాలు పంపుతుంది. ఆర్గన్‌కి తెలిసింది గొట్టంలోకి గాలి వదలడం, ఆపడం మాత్రమే.

తప్పు ఎక్కడుందో ముందు తేల్చుకోండి. ఆర్గన్ తెరలో ఒక స్టాప్ (ఒక వరస గొట్టాలను పలికించే మీట) లాగి, మాన్యువల్ (చేతులతో వాయించే కీబోర్డు) మీద మౌస్‌తో ఒక కీ నొక్కండి. పలకకపోతే అది ఆడియో సమస్య, స్కోరు జోలికి వెళ్లకండి. పలికితే నొటేషన్‌లో ప్లే నొక్కి, మిడి-ఆక్స్ లాంటి మిడి మానిటర్‌లో సందేశాలు వస్తున్నాయేమో చూడండి. సందేశాలు వస్తున్నా ఆర్గన్ పలకకపోతే ఛానల్ తప్పు. సందేశాలే లేకపోతే వైరింగ్ తప్పు.

ప్లే నొక్కితే స్కోరు కదులుతోంది, ఆర్గన్ మూగగా ఉంది

విండోస్‌లో ఒక ప్రోగ్రాం నుంచి ఇంకోదానికి మిడి పంపాలంటే మధ్యలో వర్చువల్ కేబుల్ ఉండాలి. లూప్‌మిడి ఉచితంగా దొరుకుతుంది. మ్యాక్‌లో ఐఏసీ డ్రైవర్ సిస్టంలోనే ఉంది. ఆడియో మిడి సెటప్‌లో దాన్ని తెరిచి, డివైస్ ఆన్‌లైన్ అన్నచోట టిక్ పెట్టాలి.

వరస ముఖ్యం. మొదట లూప్‌మిడి తెరిచి పోర్టు చేయండి, తర్వాత ఆర్గన్, చివర నొటేషన్ ప్రోగ్రాం. పోర్టు పుట్టకముందే ఆర్గన్ తెరిస్తే అది జాబితాలో కనిపించకపోవచ్చు. గ్రాండ్‌ఆర్గ్ ఆడియో-మిడి సెట్టింగ్స్‌లో ఆ పోర్టును ఇన్‌పుట్‌గా టిక్ చేయండి. మ్యూజ్‌స్కోర్ 3లో ప్రిఫరెన్సెస్, ఐ-ఓ ట్యాబ్‌లో మిడి అవుట్‌పుట్‌గా అదే పోర్టు ఎంచుకోండి. మ్యూజ్‌స్కోర్ 4 వాడేవాళ్లకు మా సలహా వేరు: స్కోరును మిడి ఫైల్‌గా ఎగుమతి చేసి, రీపర్ లాంటి సీక్వెన్సర్‌లో తెరిచి అక్కడినుంచి ఆర్గన్‌కి పంపండి. లేదా 3ని కూడా పక్కన ఇన్‌స్టాల్ చేసుకోండి. రెండూ ఒకే కంప్యూటర్‌లో ఉండొచ్చు.

సందేశాలు వస్తున్నా శబ్దం లేకపోతే, మాన్యువల్ బొమ్మ మీద కుడి క్లిక్ చేసి రిసీవ్ ట్యాబ్‌లో డివైస్, ఛానల్ చూడండి. అన్నీ సరిగ్గా ఉండి కూడా మూగగా ఉంటే స్టాప్ లాగారో లేదో చూడండి. చాలామంది అరగంట వెతికాక గుర్తించేది ఇదే. ఇవాళ పెట్టిన సెట్టింగ్ రేపటికి పోతోందంటే ఆర్గన్ ఫైల్‌ను సేవ్ చేయకుండా మూసేశారన్నమాట.

రెండు చేతులూ, పెడలూ ఒకే మాన్యువల్‌లో పలుకుతున్నాయి

మూడు స్టాఫ్‌లున్న ఆర్గన్ వాయిద్యాన్ని నొటేషన్ ప్రోగ్రాం ఒకే వాయిద్యంగా లెక్కేసి, అంతా ఒకే ఛానల్‌లో పంపుతుంది. దానికి మార్గం మూడు వేర్వేరు వాయిద్యాలుగా రాయడమే. గ్రేట్ (ప్రధాన మాన్యువల్) ఛానల్ 1, స్వెల్ (తలుపుల పెట్టెలోని గొట్టాలను పలికించే మాన్యువల్) ఛానల్ 2, పెడల్ (కాళ్లతో నొక్కే కీబోర్డు) ఛానల్ 3 అని పెట్టుకొని, ఆర్గన్ వైపు కూడా అవే అంకెలు ఇవ్వండి. ఒక జాగ్రత్త: ఆ స్టాఫ్‌లకు వయొలిన్ ఎంచుకోకండి. మ్యూజ్‌స్కోర్ వయొలిన్‌కి మామూలు, పిజ్జికాటో, ట్రెమొలో అంటూ మూడు ఛానళ్లు కేటాయిస్తుంది. మీరు 2 అనుకున్న స్టాఫ్ 4లోకి జారిపోతుంది. ఏది ఎక్కడికి పోతోందో మిడి మానిటర్‌లో ఒక్కసారి చూసి, కాగితం మీద రాసిపెట్టుకోండి.

పెడల్ కింది స్థాయి పలకట్లేదు, పైది మరీ లోతుగా పలుకుతోంది

మన పాటల స్కోర్లలో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. అందుకే కొంచెం విడమరిచి చెబుతాం.

మిడిలో మధ్య సి అంటే 60. సి నుంచి సి దాకా అయిదు స్థాయిల 61 కీల మాన్యువల్ 36 నుంచి 96 దాకా ఉంటుంది. పెడల్ 36తో మొదలై 30 కీలుంటే 65 దగ్గర, 32 కీలుంటే 67 దగ్గర ఆగుతుంది. పెడల్ స్టాఫ్‌కి డబుల్ బాస్‌ను ఎంచుకుంటే, ఆ వాయిద్యం రాసినదానికి ఒక స్థాయి కింద పలుకుతుంది. కాబట్టి ప్రోగ్రాం 36 రాసినచోట 24 పంపుతుంది. పెడల్‌లో 24 అనే కీ లేదు. అలా కింది 12 స్వరాలు మూగబోతాయి, 48 నుంచి పైన రాసినవి ఒక స్థాయి కిందికి దిగుతాయి. పైగా 16 అడుగుల స్టాప్ తనంతట తాను ఒక స్థాయి కిందే పలుకుతుంది. రెండూ కలిసి గుడగుడమనే శబ్దం వస్తుంది, స్వరం తెలియదు.

స్కోరులో పెడల్‌ను మామూలు బాస్ క్లెఫ్‌లో, స్థాయి మారని వాయిద్యంతో రాయండి. లోతు స్టాప్ చూసుకుంటుంది. విజయనగరం సంగీత కళాశాల పద్ధతిలో స్వరలిపి నేర్చుకొని స్టాఫ్‌లోకి మార్చేవాళ్లు ఇంకోటి గమనించాలి. మధ్య సి ని కొన్ని ప్రోగ్రాములు సి4 అంటాయి, కొన్ని సి3 అంటాయి. పేరు పట్టుకొని మంద్ర, మధ్య స్థాయులు లెక్కిస్తే తప్పుతుంది. 60 అనే అంకెను పట్టుకోండి.

శ్రుతి మార్చాల్సి వస్తే స్కోరులోనో, ఆర్గన్‌లోని ట్రాన్స్‌పోజ్‌లోనో ఒక్కచోటే మార్చండి. ఒకటో శ్రుతిలో, అంటే సి లో, రాసినదాన్ని రెండుకి, అంటే డి కి, ఎత్తాలంటే +2. రెండుచోట్లా పెడితే +4 అయి, పాడేవాళ్ల గొంతు పట్టదు.

పట్టి ఉంచిన స్వరం మధ్యలో తెగిపోతోంది

సొప్రానో, ఆల్టో ఒకే స్టాఫ్‌లో ఒకే స్వరం మీద కలిసినప్పుడు వస్తుంది. సొప్రానోది ఒక లెక్క (బీట్), ఆల్టోది రెండు లెక్కలు అనుకోండి. ఆపమనే సందేశంలో ఛానల్, స్వరం అంకె తప్ప ఏ గొంతుదో ఉండదు. సొప్రానో ఆగగానే గొట్టం మూసుకుంటుంది, ఆల్టో గల్లంతు. పొట్టి నోటును ఎంచుకొని ఇన్‌స్పెక్టర్‌లో ప్లే అన్న టిక్ తీసేయండి. కాగితం మీద అది అలాగే కనిపిస్తుంది.

ఒకే స్వరం మళ్లీ మళ్లీ వస్తే అతుక్కుపోయి వినిపిస్తోంది

పియానోలో ప్రతి దెబ్బా వేరుగా వినిపిస్తుంది. ఆర్గన్‌లో రెండు స్వరాల మధ్య నిశ్శబ్దమే దెబ్బ. శాంపిల్‌లో చర్చి ప్రతిధ్వని కూడా రికార్డయి ఉంటే ఆ నిశ్శబ్దం ఇంకా పూడిపోతుంది. 80 మిల్లీసెకన్ల ఖాళీతో మొదలుపెట్టి చెవితో సరిచూడండి. నిమిషానికి 72 లెక్కల నడకలో ఒక లెక్క 833 మిల్లీసెకన్లు. నిడివి 90 శాతం చేస్తే 83 మిల్లీసెకన్ల ఖాళీ వస్తుంది. అదే ఖాళీ అరలెక్క నోటుకి కావాలంటే 80 శాతం చేయాలి. అన్నిటికీ ఒకే శాతం పెడితే పొడవు నోట్లు పొడిపొడిగా తెగుతాయి. మ్యూజ్‌స్కోర్ 3 పియానో రోల్ ఎడిటర్‌లో నిడివి 1000కి ఇంత అని ఉంటుంది: 900, 800 అని మార్చండి. ఇదంతా పై గొంతుకే చేయండి. లోపలి గొంతుల్లో మళ్లీ వచ్చే స్వరాన్ని టై చేసి పట్టి ఉంచితే వినడానికి నిండుగా ఉంటుంది.

మెత్తగా అని రాసినా అదే బలంతో మోగుతోంది. ప్లే నొక్కగానే స్టాప్‌లు మారిపోతున్నాయి

మొదటిది తప్పు కాదు. కీ ఎంత గట్టిగా నొక్కినా గొట్టంలోకి వెళ్లే గాలి అంతే. బలం మారాలంటే స్టాప్‌లు మారాలి, లేదా స్వెల్ పెట్టె తలుపులు మూయాలి. స్వెల్ పెట్టెకి మిడి కంట్రోలర్ (నియంత్రణ సందేశం) 11 నేర్పండి, 7 వద్దు. నొటేషన్ ప్రోగ్రాంలోని మిక్సర్ ప్లే మొదట్లో పంపే వాల్యూం సందేశం కంట్రోలర్ 7లోనే వస్తుంది కాబట్టి, మీరు మూసిపెట్టిన స్వెల్ దానంతటదే తెరుచుకుంటుంది.

రెండోది ప్రోగ్రాం చేంజ్ (వాయిద్యం మార్చమనే మిడి సందేశం) పని. జనరల్ మిడి అనే వాయిద్యాల అంకెల పట్టికలో చర్చ్ ఆర్గన్ 20వది. ప్లే మొదలవగానే ఆ అంకె వెళ్తుంది. ఆర్గన్‌లో ఏదైనా పిస్టన్ (ముందే ఎంచిన స్టాప్‌లను ఒక్కసారిగా తెచ్చే బటన్) దానికి కట్టి ఉంటే అది నొక్కుకుంటుంది. పిస్టన్లకు ప్రోగ్రాం చేంజ్ వదిలేసి నోట్లు కట్టండి. స్కోరు అడుగున ఇంకో స్టాఫ్ పెట్టి, ఛానల్ 16 ఇచ్చి, అందులో సి వస్తే జనరల్ పిస్టన్ 1, సి షార్ప్ వస్తే 2 అని ఆర్గన్‌కి నేర్పండి. చరణం మారేచోట అసలు స్వరం కంటే కొంచెం ముందు ఆ నోటు పడాలి. ముద్రించేటప్పుడు ఆ స్టాఫ్‌ను దాచేయండి. ప్రతి చరణానికీ రంగు మార్చడానికి ఇంతకంటే నమ్మకమైన పద్ధతి లేదు.

గమకాలు పలకట్లేదు

పిచ్ బెండ్‌తో గమకం రాసుకుంటే గొట్టం దాన్ని పట్టించుకోదు. దాని పొడవు స్థిరం, స్వరమూ స్థిరం. గమకంలో తగిలే స్వరాలను గ్రేస్ నోట్లుగా విడదీసి రాయండి. కంపితం లాంటివి పాడేవాళ్లకే వదిలి, ఆర్గన్‌లో షడ్జ పంచమాలు పట్టి ఉంచడం మేలు.

స్వరాలు హార్మోనియంతో కలవట్లేదు

పాత ఆర్గన్ల శాంపిళ్లు ఆ ఆర్గన్ అసలు శ్రుతిలోనే వస్తాయి. ఎ స్వరం 415 హెర్ట్జ్ అయినా కావచ్చు, 465 అయినా కావచ్చు. మీన్‌టోన్ అనే పాత పద్ధతి ట్యూనింగ్‌లో ఉన్నదైతే ఎ ఫ్లాట్ మేజర్ పాట చెవులకు గుచ్చుకుంటుంది. టెంపరమెంట్‌ను (స్వరాల మధ్య దూరాల పద్ధతిని) ఈక్వల్‌కి, ఎ ని 440కి మార్చండి.

నిండు స్టాప్‌లతో చిటపటలు

నాలుగు గొంతులు, 8 స్టాప్‌లు అంటే 32 గొట్టాలు. సెకనుకో కార్డ్ (కలిసి పలికే స్వరాల గుంపు) మారుతూ ప్రతిధ్వని 4 సెకన్లు ఉంటే ఒకేసారి 160 శాంపిళ్లు మోగుతాయి. వెనక మైకుల రికార్డింగ్ కూడా లోడ్ చేస్తే 320. స్కోరు నుంచి మోగించడానికి బఫర్ (శబ్దాన్ని ముందుగా పోగుచేసే నిల్వ) 1024 పెట్టండి. 48 కిలోహెర్ట్జ్‌లో అది 21 మిల్లీసెకన్ల ఆలస్యం, ఎవరికీ తెలియదు. చేత్తో వాయించేటప్పుడు మాత్రం 256కి దించండి. ర్యామ్ నిండితే 24కి బదులు 16 బిట్‌లో లోడ్ చేయండి.

స్పీకర్లలో గుయ్యిమని హోరు

ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. ఆగితే ఎర్తింగ్ తేడా అన్నమాట. ల్యాప్‌టాప్, ఆడియో బాక్సు, యాంప్లిఫయర్ మూడింటినీ ఒకే బోర్డు నుంచి తీసుకొని, ఆడియోకి బ్యాలెన్స్‌డ్ కేబుల్ వాడండి. ఇంకా ఉంటే మధ్యలో గ్రౌండ్ లిఫ్ట్ (ఆడియో కేబుల్‌లో ఎర్త్ కలయికను తెంచే స్విచ్) ఉన్న డీఐ బాక్సు పెట్టండి. ప్లగ్‌లో ఎర్త్ పిన్ మాత్రం ఎప్పుడూ విరవకండి, ప్రాణాపాయం. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారినప్పుడల్లా శబ్దం ఆగిపోతుంటే, సొంత అడాప్టర్‌తో నడిచే ఆడియో బాక్సు రీసెట్ అవుతోందని అర్థం. యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకునే బాక్సు వాడితే ల్యాప్‌టాప్ బ్యాటరీ దాన్ని కాస్తుంది.